మగ్గులో మరలు

ఫ్లిండర్స్ కొండలు వెనక అద్దంలోంచి జారిపోయాక
తారు రోడ్డు కూడా చెప్పాపెట్టకుండా దిగిపోయింది.
మారీలో డీజిల్ పోసిన మనిషి
టైర్లను బూటుకాలితో తట్టి చూసి
“కొంచెం గాలి తీసెయ్యండి” అన్నాడు,
జ్వరమొచ్చిన పిల్లాడికి పథ్యం చెప్పినట్టు.

అప్పట్నుంచీ రోడ్డు వీపంతా పక్కటెముకలే.
వెనక కారవాన్‌లో మా సంసారం మొత్తం
మంగలంలో పేలాల్లా ఎగురుతోంది.
గార్త్ గంటకోసారి అంటాడు,
“ఏదో ఊడింది.”
గంటకోసారి నేనంటాను,
“ఊడనిదేదో చెప్పు.”

సాయంత్రం ఆగగానే మొదటి పని
నేలమీద పాకుతూ మరలు ఏరడం.
అలమర తలుపువి రెండు, స్టవ్వుది ఒకటి,
ఎక్కడివో తెలియనివి నాలుగు.
అన్నీ హేడీ పాలు తాగే మగ్గులో పడతాయి.
హేడీకి ఆరేళ్ళు.
దుమ్ము కలిసినవే అసలు పాలనుకుంటోంది ఇప్పుడు.
రొట్టెలో దుమ్ము, బిగించిన సీసాలో దుమ్ము.
పొద్దున లేచేసరికి
ఇటుకపొడి రంగు పక్కమీద
మా నలుగురి ఆకారాలూ తెల్లగా మిగులుతాయి.

టోబిన్‌కి పదిహేను.
సిగ్నల్ పోయిన రోజునుంచి మాతో మాటల్లేవు.
ఫోన్‌ని కిటికీకి ఆనించి పట్టుకుంటాడు,
నాడి దొరకని చెయ్యి పట్టుకున్నట్టు.

ఈ దారికో మర్యాద ఉంది.
ఎదురుగా దుమ్ము లేస్తే
అది బండిగా మారేదాకా ఆగి
స్టీరింగ్ మీంచి ఒక్క వేలు ఎత్తాలి.
చెయ్యి ఊపితే ఎక్కువ, ఊరుకుంటే తప్పు.
నిన్న రోజంతా మూడు బళ్ళు.
మూడు వేళ్ళు.

మా నాన్న పదకొండేళ్ళు ఇక్కడ గ్రేడర్ నడిపాడు.
ఆయన గీకిన పక్కటెముకలు
మళ్ళీ వానకీ ట్రక్కులకీ మొలిచేవి.
సెలవుకి ఇంటికొచ్చినప్పుడు
వసారాలో నేనెదురైతే
నాకూ ఒక వేలెత్తేవాడు.
అంతకుమించి పలకరింపు నాకు గుర్తులేదు.
చిన్నప్పుడు కోపంగా ఉండేది.

ఉప్పు సరస్సు దగ్గర ఆగాం.
మారీ కొట్లో డోరీన్ ఆంటీ ముందే చెప్పింది,
“అది అరబానా వాళ్ళ చోటు. చూడండి. తొక్కకండి.”
హేడీ ఒక్క పాదం మోపింది,
అప్పడం విరిగినట్టు చప్పుడు.
పాదం వెనక్కి తీసుకుని
ఆ చప్పుడుకి “సారీ” చెప్పింది.

నాలుగో రోజు రాయి తగిలి
నీళ్ళ ట్యాంకు పగిలింది.
మేం చూసేసరికి మట్టి మొత్తం తాగేసి
తడి మచ్చ కూడా దాచేసుకుంది.
పన్నెండు లీటర్ల డబ్బా ఒకటే మిగిలింది.
గార్త్, నేనూ గొంతులు పెంచకుండా దెబ్బలాడుకున్నాం,
పిల్లలకి వినపడకుండా, అంటే బాగా వినపడేలా.

మధ్యాహ్నానికి పశువుల ట్రక్కులో ఒకావిడ ఆగింది.
రెండు డబ్బాలు దించింది.
స్టెప్నీ టైరు కట్టిన తీరు చూసి
చెడామడా తిట్టి, విప్పి, తనే మళ్ళీ కట్టింది.
మేం ఎవరని అడగలేదు. తనెవరో చెప్పలేదు.
కుక్క పేరు మాత్రం చెప్పింది, బిస్కెట్ అట.
ఆమె బండి కదిలినప్పుడు
పక్క సీట్లో ఫోన్ ఒళ్ళో పడేసుకున్న టోబిన్
చూపుడువేలు ఒకటి పైకెత్తాడు.
నేను రోడ్డు వంకే చూశాను.
చూసినట్టు తెలిస్తే దించేస్తాడని.

ఊడ్నడట్టాలో మగ్గు బోర్లించాం.
గార్త్ బోర్లా పడుకుని ఒక్కొక్కటీ బిగించాడు.
అన్నీ ఎక్కడివక్కడ కుదిరాయి, ఒకటి తప్ప.
లావుపాటిది, తుప్పుపట్టింది,
ఏ కన్నానికీ పట్టదు.
“అది మనది కాదు,” అంది హేడీ.
“రైలు రాని స్టేషన్ దగ్గర దొరికింది.
రైలు వెనక్కొస్తే కావాలి కదా.”

గార్త్ దాన్ని మళ్ళీ మగ్గులోనే వేశాడు.
రేపు పాలు ఇంకో గ్లాసులో.